మొదటి దెబ్బ ఖాళీ

ఈ ఉదయం బట్టలు ఉతికే మిషను చివరి తిరుగుడులో ఉండగా దానిలోంచి ఒక చప్పుడు మొదలైంది. మామూలు గడగడ కాదు. దాని వెంట సన్నగా, ఇనుముకు ఇనుము తగిలినట్టు ఒక టక్కు. నాలుగు గడగడలకు ఒక టక్కు. మా కోడలి చెవి దుద్దు ఒకటి నిన్నటి నుంచి కనబడడం లేదు. ఇంట్లోకి వచ్చిపోయే బయటి మనిషి మంగల ఒక్కతే, మాకు గిన్నెలు తోమే మరాఠీ అమ్మాయి. నిన్నటి నుంచి ఆమె పేరు నా నాలుక చివరే ఉంది. పొద్దున ఆమె వెనక నిలబడి, అడిగేద్దామని నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే ఆ టక్కు వినబడింది. నా ప్రమేయం లేకుండానే కుడిచేయి తొడ మీదికి పోయి తాళం వేయడం మొదలుపెట్టింది. తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాను.

ఈ చేతికి ఆ అలవాటు చేసినవాడు రత్నం కాక. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన ఏ సభలోనూ పాడలేదు. బొంబాయి పక్కన భివండీలో, మన నేతవాళ్లుండే పద్మనగర్‌లో మరమగ్గాలు బాగుచేసే జాబరు. పట్టా జారితే బిగించి, అడ్డపోగు మోసే నాడె ఎగిరిపడితే సరిచేసి, చేతుల నూనె తుడుచుకుంటూ ఇంకో షెడ్డుకు పోయే మనిషి. పొట్టిగా ఉండేవాడు. ఎడమ భుజానికి ఎప్పుడూ ఒక ఖాకీ సంచి వేలాడేది. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. మిగతా ఆరు రోజులూ మగ్గాల మధ్య నిలబడి కల్యాణి, తోడి అంటూ రాగాలు తీసేవాడు. ఇతను గుడి పాటలు పాడుతున్నాడని చర్చి పెద్దలకు అనుమానం. పాటల వంకతో మతంలో కలుపుతాడని మా వాడకట్టుకు అనుమానం. నాకు ఈ రెండూ కావు, ఇంతకంటే పెద్దది ఉండేది.

నా సంగతి ముందే చెప్పడం మంచిది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతం నాతోపాటే పుట్టింది. పాలవాడు నీళ్లు కలిపాడా అని నేనెప్పుడూ అడగలేదు, ఎన్ని కలిపాడనే అడిగాను. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారని, నవ్వకపోతే ఏం దాస్తున్నారని ఆలోచించేదాన్ని. "నిన్ను పోలీసుల్ల చేర్పియ్యాలె" అనేవాడు మా బాపు. అని ఊరుకోక, షెడ్డులో కాపలా బాధ్యత నిజంగానే నాకు అప్పజెప్పాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. పంతొమ్మిది వందల అరవైలు ముగిసిపోతున్న రోజులు.

కాపలా దేనికంటే, అంచులకు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా బాపుకు నాలుగు మగ్గాలు. నాలుగింటి మీదా చీరలే. అందరి చీరా ఒకటే అయినప్పుడు అమ్ముడుపోయేది అంచును బట్టే. గళ్ల కాగితం మీద బాపు అంచు గీసేవాడు. నింపిన గడి అంటే అక్కడ పోగు పైకి లేవాలి, ఖాళీ గడి అంటే కిందే ఉండాలి. ఆ గళ్లను చూసి చెక్కపట్టీలకు మేకులు గుచ్చి మగ్గం మీద పోగులను లేపే డాబీకి ఎక్కించే పని నాది. మా వాడలో కాగితం చూసి బట్టను కళ్లముందు ఊహించగల ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది.

ఆ ఏడు బాపు గోపురం అంచు ఒకటి గీశాడు. గోపురం కొసన చిన్న చిలుక. రెండు నెలలు కష్టపడ్డాడు. తీరా దీపావళికి మా చీరలు దుకాణాలకు చేరేసరికి, వారం ముందే అదే గోపురం, అదే చిలుక గైబీ నగర్‌లోని మల్లేశం సేటు షెడ్డు నుంచి వచ్చి ఉన్నాయి. మా చీరలను చూసి దుకాణదారులు "నకలు మాల్ ఎందుకు తెచ్చిన్రు?" అన్నారు. తాను గీసిన అంచునే నకలు అన్నారని బాపు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు షెడ్డు మధ్య నిలబడి అన్నాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. ఈశ్వరునితోని కాకపోతే మా సరోజతోని అయితది. చూస్తుండుండ్రి."

నేను చూడడం మొదలుపెట్టాను. నా చూపు నేరుగా పోయి రత్నం కాక మీద ఆగింది. ఎందుకు ఆగదు? పొద్దున మా షెడ్డు, మధ్యాహ్నం మల్లేశం సేటు షెడ్డు. రెండు చోట్లకూ పోయే మనిషి ఆయనొక్కడే. పైగా ఆయన చేష్టలు. పని అయిపోయాక కూడా పోకుండా రెండు మగ్గాల మధ్య కళ్లు మూసుకుని నిలబడేవాడు. వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెట్టేవాడు. ఉన్నట్టుండి చిటికె వేసి, తనలో తాను నవ్వుకుని వెళ్లిపోయేవాడు. చిటికె ఎవరికి సైగ అని నేను కిటికీలోంచి గల్లీలోకి తొంగి చూసేదాన్ని. గల్లీలో ఒక మేక తప్ప ఎవరూ ఉండేవారు కాదు. మేక కూడా ఎవరిదా అని విచారించాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "కాకా, ఏం లెక్కపెడుతున్నవ్?"

"గీ మగ్గం జర నిమ్మలం, గది జర తేజ్. ఇది ఏడు కొట్లు కొట్టేసరికి అది ఎనిమిది కొడుతది బిడ్డా. ఎనిమిదో కొట్టుకు రెండు ఒక్క దగ్గర పడుతయి. గప్పుడు చిటికె."

"రెండు ఒక్క దగ్గర పడితే నీకేం వస్తది?"

"ఏం రాదు. మజా వస్తది."

మజా! ఏమీ రాని పని కోసం మనిషి నిలబడతాడా? అబద్ధం చెప్పినా నమ్మేలా చెప్పాలి కదా అనుకున్నాను. అయినా ఆయన పోయాక నేనూ ఆ రెండు మగ్గాల మధ్య నిలబడి చెవి పెట్టాను. ఏడు, ఎనిమిది. నిజమే, రెండు చప్పుళ్లూ విడిపోయి, ఒకదాన్నొకటి తరుముకుని, ఒక్కచోట ధన్‌మని కలిశాయి. ఒళ్లు జలదరించింది. దొంగ అయినా చెవి మంచిదని ఒప్పుకున్నాను.

ఆ చెవి ఎక్కడిదో కూడా కూపీ లాగాను. చిన్నప్పుడు ఊళ్లో ఒక మృదంగం అయ్యవారి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాడట. లోపలికి రానివ్వలేదట. "తలుపు ఆయన మూసిండు. తాళం తలుపుల సందునుంచి వచ్చేది" అని నవ్వుతూ చెప్పాడు. తలుపుల సందుల్లోంచి విద్య పట్టుకొచ్చిన వాడికి కాగితాల్లోంచి అంచు పట్టుకుపోవడం ఎంత పని? అప్పుడు నా బుద్ధి అట్లా పోయింది. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఎండాకాలంలో బాపు ఇంకో కొత్త అంచు మొదలుపెట్టాడు. అదీ గోపురమే, ఇంకా వెడల్పుగా. ఈసారీ పోతే మగ్గాలు అమ్మి కూలికి నేయాల్సిందేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఒక పొద్దున రత్నం కాక మగ్గం కింద దూరి పని చేస్తున్నాడు. సంచి గోడకు ఉంది. నేను చేయి పెట్టి, అంతా కింద బోర్లించాను. స్పానర్లు, జొన్నరొట్టె మూట, వాటి అడుగున మడిచిన కాగితం. గళ్ల కాగితం! విప్పితే పైవరుసలో నాలుగు గళ్లు ఖాళీ. కింద ఎర్ర పెన్సిలుతో నింపిన గళ్లు ఏడు, దాని కింద ఆరు, తర్వాత అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. అన్నిటికంటే అడుగున ఒక చుక్క. తలకిందులుగా ఉన్న గోపురం, కొసన చిలుక పెట్టే చోటు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ తప్పు నేతపని తెలిసినవాళ్లు మాత్రమే చేయగలరు, నేతపని తెలిసినవాళ్లు చేయకూడనిదీ అదే. గోపురం నేయాలంటే రెండు పక్కలా సమానంగా తగ్గాలి, తొమ్మిది, ఏడు, అయిదు, అట్లా రెండేసి. ఇది ఒక్కొక్కటే తగ్గుతోంది. ఒకపక్క నిటారుగా, ఒకపక్క ఏటవాలుగా ఉంది. అది నేసినా గోపురం కాదు. నా కన్ను అది చూసింది కూడా. చూసి నా బుద్ధి ఏమందో తెలుసా? సగమే ఇక్కడ ఉంచాడు, మిగతా సగం ఇంకోచోట దాచాడు, ఎంత తెలివి! పైన నాలుగు ఖాళీ గళ్లేమో ఆ షెడ్డు పేరు రాసుకోవడానికి వదిలాడు.

కాగితం తీసుకుపోయి బాపు చేతిలో పెట్టాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

బాపు మూడు మగ్గాలు ఆపించాడు. కార్మికులు చుట్టూ చేరారు. రత్నం కాక మగ్గం కింది నుంచి లేచి, తన సంచి బోర్లించి ఉండడం చూసి, తర్వాత నన్ను చూశాడు.

"గిదేంది రత్నం?" అన్నాడు బాపు.

"గది పాట, సేటు."

"పాటకు గళ్లుంటయా? మేం ఎడ్డోళ్లమా?"

"ఉంటయి. గా ఒక్క మగ్గాన్ని నడవనియ్యుండ్రి. పాడి చూపెడ్త."

నడుస్తున్న మగ్గం చప్పుడుకు ఆయన తొడ మీద తాళం వేశాడు. ఎనిమిది దెబ్బల తాళం. మొదటి దెబ్బకు నోరు విప్పలేదు. రెండో దెబ్బ నుంచి స్వరాలు ఏడు, తర్వాత ఆరు, అయిదు, అట్లా గొలుసులా జారుతూ, సన్నబడుతూ వచ్చాయి. చివరి ఒంటి స్వరం పడ్డాక మళ్లీ మొదటి దెబ్బ మీదికి వచ్చి ఆగాడు. మగ్గం దెబ్బ, ఆయన చేయి, ఆయన గొంతు మూడూ ఒక్కచోట పడ్డాయి. కండెలు చుట్టే ముసలామె "అయ్యో, ఎంత మంచిగుంది" అని పైకే అంది.

బాపు కాగితం మడిచాడు. "పాట మంచిగనే ఉన్నది. దొంగ గూడ మంచిగనే పాడుతడు. రేపటి నుంచి రాకు."

రత్నం కాక వంగాడు. స్పానర్లు ఒక్కొక్కటే ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. రొట్టె మూట కింద పడి ఉంటే దాన్ని నేను తీసి ఇవ్వాలి. ఇవ్వలేదు.

జాబరు అనేవాడు నమ్మకం మీద నాలుగు షెడ్లు తిరిగే మనిషి. "అంచులు మోస్తడట" అన్న ఒక్క మాట పద్మనగర్ దాటి గైబీ నగర్ చేరడానికి ఒక పూట చాలు. అందరికంటే ముందు తలుపు మూసినవాడు మల్లేశం సేటే. అది చూసి కూడా, అంచు అందుకున్నవాడు మోసినవాణ్ని ఎందుకు వెళ్లగొడతాడని నాకు అనుమానం రాలేదు. అనవసరమైన చోట అంత పనిచేసిన బుర్ర అవసరమైన చోట పడుకుంది. నెల తిరిగేసరికి రత్నం కాక కాల్హేర్ దగ్గర ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున ఇసుక మోసే పనిలో చేరాడని విన్నాం. అక్కడే ఒక గుడిసె వేసుకున్నాడట. మా షెడ్డులో ఆ రెండు మగ్గాలూ ఏడుకు ఎనిమిదికి కలుస్తూనే ఉన్నాయి. నేను అటు పోవడం మానుకున్నాను.

మళ్లీ బతుకమ్మ వచ్చింది. మార్కండేయ గుడి పక్క మైదానంలో ఆడుతున్నాం. మల్లేశం సేటు భార్య లచ్చవ్వ నా పక్కనే చప్పట్లు కొడుతూ నా బట్టలను ఎగాదిగా చూసింది.

"ఏంది సరోజా, గీయేడు సాదా ఓణి వేసుకున్నవ్? కిందటేడు చిలుకల ఓణి ఎంత మంచిగుండె! నేను ఇంటికి వోయి మా ఆయనకు అంతా చెప్పిన. గళ్లు సుత లెక్కవెట్టి చెప్పిన. గది చూసే కదా ఆయన మగ్గమెక్కించిండు" అంది. ఆమె మాటలో దాపరికమే లేదు. నాకు తెలిసే ఉంటుందనుకుంది పాపం.

నా చేతులు ఆగిపోయాయి. కిందటేడు. మగ్గం మీద మొదట నేసి చూసుకునే నమూనా ముక్క. వాడకు ముందుగా నేనే కట్టుకుని చూపించుకోవాలన్న ఉబలాటంతో బాపుకు చెప్పకుండా కత్తిరించి ఓణి చేసుకున్నాను. అదే మైదానంలో వందమంది ఆడవాళ్ల మధ్య గుండ్రంగా తిరిగాను. ఆ రోజు రోడ్డు పక్కన రత్నం కాక నిలబడి మా వైపే చూస్తున్నాడని, దాన్ని కూడా ఆయన నేరాల్లో రాసుకున్నాను. అందరూ నా ఓణిని చూస్తుంటే ఆయనొక్కడే చప్పట్లు వింటున్నాడు. ఈశ్వరుడు కూడా పట్టలేని ఇంటి దొంగను నేనే.

ఇంటికి పోయి బాపుకు చెప్పాను.  నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "అయిపోయింది. ఇగ ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. "నలుగుట్ల వెళ్లగొట్టిన. ఇప్పుడు తప్పయిందంటే నా మొకం ఎక్కడ పెట్టుకోవాలె?"

బాపు ముఖం ఒకవైపు, ఇసుక మోస్తున్న ఆ వేళ్లు ఒకవైపు. నాలుగు రోజులు నలిగి, అయిదో రోజు కండెల కోసమని చెప్పి కాల్హేర్ పోయాను. కాక ఖాడీ ఒడ్డున తట్ట దించి నిలబడ్డాడు. అరచేతులు పగిలి ఉన్నాయి. నేను చెప్పాల్సింది ఒక్క గుక్కలో చెప్పి, కాగితం ముందుకు చాచాను. బాపు పక్కన పడేసిన నాటి నుంచి అది నా దగ్గరే ఉంది.

ఆయన కాగితం అందుకోలేదు. "పైన నాలుగు గళ్లు ఖాళీగ ఉన్నయి. ఏమనుకున్నవ్ వాటిని?" అన్నాడు.

"షెడ్డు పేరు రాసుకునేటందుకు అనుకున్న."

ఆయన నవ్వాడు. పక్కన మోసేవాళ్లు తట్టలు ఆపి చూసేంత గట్టిగా నవ్వాడు. తర్వాత ఇసుకలో కూర్చుని వేలితో గీసి చూపించాడు. ఇట్లా లావుగా మొదలై సన్నబడేదాన్ని గోపుచ్ఛ యతి అంటారట, ఆవు తోక. తిరగేస్తే సన్నగా పుట్టి వెడల్పయ్యే ఏరు. రెండూ కలిపితే మద్దెల, ఇంకోలా కలిపితే డమరుకం. పాటలో ఇన్ని బొమ్మలు దాక్కుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఎనిమిది దెబ్బలకు ముప్పై రెండు గళ్లు. ఏడు నుంచి ఒకటి దాకా కూడితే ఇరవై ఎనిమిదే. నాలుగు మిగులుతాయి.

"గా నాలుగు ఎక్కడ పెట్టాలెనన్నదే ఆట బిడ్డా. చివర పెడితే పాట చప్పగ అయితది. ముందు పెట్టిన. మొదటి దెబ్బ ఖాళీ. గప్పుడు ఊకుండాలె. ఊకున్నోనికే తర్వాతది సరిగ్గ పడుతది." కొంచెం ఆగి, నా ముఖం చూడకుండా అన్నాడు. "నువ్వు గా నాలుగు గళ్లను చూసినవ్ గని ఆగలే."

ఏడుపు వచ్చింది. వెనక్కి రమ్మని బతిమాలాను.

"వచ్చి నిలబడితే నా సంచి దిక్కు చూడకుంట ఎవలుంటరు? నువ్వుంటవా?"

ఉంటానని వెంటనే అనాల్సింది. నాకు నేను తెలుసు కాబట్టి అనలేకపోయాను. ఆయన ఒక దెబ్బ ఆగి, తట్ట ఎత్తుకుని పోయాడు.

పండుగ చివర, సద్దుల బతుకమ్మ రోజు మైదానంలో పాట ఆగగానే నేను మధ్యకు పోయి నిలబడ్డాను.  "కిందటేడు అంచు బయటవెట్టింది రత్నం కాక కాదు. నేను. నా ఓణి. దొంగను వట్టిన అని చెప్పింది సుత నేనే. ఇంటికి వోయి అందరు మీ మొగోళ్లకు చెప్పుండ్రి" అన్నాను. లచ్చవ్వ ముఖం దించుకుంది. మగవాళ్లకు చెప్పి ఉంటే మాట అక్కడే ఆగేదేమో. ఆడవాళ్లకు చెప్పాను కాబట్టి దీపాలు పెట్టే వేళకు ఊరంతా చేరింది. బాపు నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. నాకు వచ్చిన ఒక పెళ్లి సంబంధం కూడా తప్పిపోయింది, పిల్లకు నోరెక్కువని. ఆ మాటలో అబద్ధం లేదు.

ముందు రెండు షెడ్లు కాకను పిలిచాయి, తర్వాత ఇంకో మూడు. మేం పిలవలేదు. సంక్రాంతి దాటాక మా డాబీ విరిగితే, బాపు దాన్ని తానే నెత్తిన పెట్టుకుని కాక చేస్తున్న షెడ్డుకు నడిచాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మర్నాడు రత్నం కాక మా షెడ్డులోకి వచ్చి, ఖాకీ సంచి తెరిచి, నోరు నా వైపు తిప్పి గోడకు ఆనించాడు. ఆయన వచ్చిన ప్రతిరోజూ అట్లాగే పెట్టేవాడు. అది ఎగతాళో శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బాపు మాత్రం తన చాయ్ కప్పు తీసి ఆయన చేతికిచ్చి, "రత్నం, గా ఆవుతోక పాట ఒకసారి పాడు" అన్నాడు. తప్పు ఒప్పుకోవడం బాపుకు అంతవరకే వచ్చు.

తర్వాత నాలుగేళ్లు ఆయన దగ్గర తాళం నేర్చుకున్నాను. గొంతు నాకు రాలేదు, లెక్క వచ్చింది. మగ్గం ఎప్పుడూ ఒకటే కొట్టుడు కొడుతుందని, అయిదని విన్నా ఏడని విన్నా ఆ గుణం చెవిదేనని అప్పుడు తెలిసింది. అనుమానమూ అంతేనేమో. ఆవుతోకను ఒక తువ్వాలు అంచులో నేసి కాకకు ఇచ్చాను, ఒకపక్క నిటారుగా, ఒకపక్క ఏటవాలుగా. చూసినవాళ్లు నేతలో తప్పు పోయిందన్నారు. ఆయన దాన్నే భుజాన వేసుకుని చర్చికి పోయేవాడు. ఆయన చనిపోయిననాడు శవపెట్టె మీద కూడా అదే కప్పి ఉంది.

మిషను ఆగింది. లోపల చేయి పెట్టి వెతికాను. ఆ టక్కు దుద్దుది కాదు, ఒక పిన్నీసుది. ఇట్లాంటి కథల్లో దుద్దు దొరకాలి, దొరకలేదు. మంగల గిన్నెలు బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుని, "యేతే, ఆజీ" అని, వస్తా అవ్వా అని తన భాషలో చెప్పి వెళ్లిపోయింది. ఆమె చేతిసంచి వైపు చూశాను. చూడలేదని చెప్తే కాక నమ్మడు. రేపు పొద్దున ఏడింటికి మళ్లీ వస్తుంది. అప్పటికీ దుద్దు దొరకకపోవచ్చు, నా అనుమానం ఎటూ పోదు. నాకు చేతనైంది ఒక్కటే. ఆమె గడప దాటి లోపలికి రాగానే నా చేయి తొడ మీద పడుతుంది. మొదటి దెబ్బకు నోరు విప్పను.